వాడి చేతుల్లో ఏముండేది

హాల్లోకి అడుగు పెట్టానో లేదో, తలుపు పక్క బల్ల దగ్గర కూర్చున్న లెన్ తలెత్తి అడిగిన మొదటి మాట, "శామ్ ఏడీ?" అని. "కార్ పార్క్ చేస్తున్నాడు, వస్తాడు" అన్నాను. మా తమ్ముడు పోయి అప్పటికి ఒక ఎండాకాలం మొత్తం గడిచిపోయింది. టెక్సస్‌లో, కాపెల్ ఊరి చివర, గడ్డితో సమానంగా పరిచిన రాతి పలక కింద వాడిని పెట్టి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, చెప్పిన మరుక్షణం నేనే వెనక్కి తిరిగి అద్దాల తలుపులోంచి పార్కింగ్ లాట్ వైపు చూశాను.

నేను కోతలు కోస్తానన్న సంగతి ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలియని తెలుగువాళ్లు లేరు. ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీల దగ్గర పిల్లలు నా చుట్టూ చేరి, "ఎస్తేర్ ఆంటీ, ఆ క్రొకడైల్ స్టోరీ మళ్లీ చెప్పు" అంటారు. గోదావరిలో మా నాన్న ఈదుతుంటే మొసలి పక్కనే వచ్చి టైమెంతయిందని అడిగిన కథ అది. పాస్టరు గారు అటుగా వచ్చి, బిస్కెట్ ఒకటి తీసుకుని, ఏమీ విననట్టు మొహం పెట్టి వెళ్లిపోతారు. వీటిని అబద్ధాలంటే నేను ఒప్పుకోను. ఖాళీగా ఉన్నచోట ఏదో ఒకటి పెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. అది ఎలా అబ్బిందో చెప్పాలంటే మా నాన్నమ్మ అడకత్తెర దాకా వెళ్లాలి. వెళ్దాం, తొందరేముంది. లెన్ ఎలాగూ మా తమ్ముడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ముందు ఆ హాలు సంగతి. ట్రాయ్‌లో హైవే పక్క హోటల్లో, మామూలు రోజుల్లో పెళ్లి రిసెప్షన్లు జరిగే హాల్లో, ఏటా ఆకులు రాలే రోజుల్లో బొమ్మ సిపాయిలు పోగుచేసేవాళ్లు కలుస్తారు. సీసంతో పోతపోసి రంగులు వేసిన వేలెడంత సిపాయిలు. వాటిని బల్లల మీద వరసలుగా నిలబెట్టి, మెడలో భూతద్దాలు వేలాడేసుకుని, వయసు మళ్లిన పెద్దమనుషులు ఒకరి సైన్యాన్ని ఒకరు పరామర్శించుకుంటూ తిరుగుతారు. హాలంతా పాత అట్టపెట్టెల వాసన, కాగి కాగి చేదెక్కిన కాఫీ వాసన. మాటలు మెల్లగా, రోగి నిద్రపోతున్న గదిలో మాట్లాడుకున్నట్టు. బొమ్మకి రంగు పెచ్చులూడినా వాళ్లకి పరవాలేదు, దాని మీద కొత్త రంగు వేస్తే మాత్రం క్షమించరు. చెయ్యి విరిగితే ఇక దాన్ని బల్ల కింద పెట్టెలో పడేస్తారు. మొదటి ఏడు నేనూ తమ్ముడూ తెచ్చిన మా ఇంటి సిపాయిల్ని చూసి ఒక పెద్దాయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ ఒక ఆచారం ఉంది. హాలు మధ్యలో ఒక బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరుస్తారు. ఆ ఏడు కొత్తగా దొరికినదాన్ని ఎవరికి వారు దాని మీద నిలబెట్టి, ఎక్కడ దొరికిందో, ఎలా దొరికిందో చెప్పాలి. ఆ బల్ల దగ్గర బేరాలు లేవు, చెప్పడం, వినడం, అంతే. మా తమ్ముడు నిజం చెప్పేవాడు. వాడు కూర్చున్నాక అదే బొమ్మ గురించి నేను లేచి నా పద్ధతిలో చెప్పేదాన్ని. కొన్నేళ్లకి మేమిద్దరం కలిసి ఒక ఐటమ్ అయిపోయాం. క్రిస్మస్‌కి రమ్మంటే వాడికి ప్రాజెక్ట్ రిలీజ్ ఉండేది, వేసవిలో రమ్మంటే ఆన్‌కాల్ ఉండేది, ఈ సిపాయిల సంతకి మాత్రం ఏ ఏడూ తప్పలేదు. డాలస్ నుంచి విమానం దిగి, మా ఇంట్లో బ్యాగు పడేసి, "అక్కా, పులిహోర చేశావా" అనేవాడు. పులిహోర మాకోసం కాదు, లెన్‌కి. మా తమ్ముడికి అదొక మర్యాద.

ఇప్పుడు నాన్నమ్మ. మా నాన్న గోదావరి సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఒక మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. ఆయన ఇంటికి వస్తుంటే ముందు టించరు వాసన గడప దాటేది, ఆ వెనక ఆయన. ఆస్పత్రి ఆఖరి దొరగారు వాళ్ల దేశం వెళ్లిపోతూ బంగళాలో సామాను పనివాళ్లకి పంచిపెడితే ఒకరికి మంచం వచ్చింది, ఒకరికి గోడగడియారం వచ్చింది, మా నాన్నకి బిస్కెట్ డబ్బా వచ్చింది. బిస్కెట్లనుకుని సంతోషంగా మోసుకొచ్చాడు. మూత తీస్తే దొరగారి పిల్లలు ఆడుకుని వదిలేసిన సిపాయిలు. ఎర్ర కోట్లు, తెల్ల టోపీలు, భుజాల మీద తుపాకులు. నాన్నమ్మ ఆ డబ్బాలోకి చూసి అక్కడికక్కడే రెండు సంగతులు తేల్చేసిందట. మొదటిది, క్రిస్మస్‌కి మన ఇంట్లో కట్టే పశువుల పాకలో గొల్లలు లేక ఎప్పుడూ వెలితిగా ఉంటోంది, వీళ్లు సరిపోతారు. రెండోది, ప్రభువు పుట్టినచోట తుపాకులు ఉండటానికి వీల్లేదు. కత్తులు కరిగి నాగళ్లయ్యే రోజు వస్తుందని ఆ ముందు ఆదివారమే మా ఊరి పాస్టరు గారు ప్రసంగం చేశారు. నాన్నమ్మకి ఆ రోజు వచ్చేదాకా కాచుకుని కూర్చునే ఓపిక లేదు. వక్కల బుట్టలోంచి అడకత్తెర తీసి, ఒక్కొక్క సిపాయినీ ఎడమచేత్తో పట్టుకుని, వక్క కత్తిరించినట్టు తుపాకీ కత్తిరించేసింది. సీసం మెత్తన కదా, వక్కకన్నా సుఖంగా తెగింది. తెగిన ముక్కల్ని ఇనప గరిటెలో కరిగించి వీధి చివర పేతురయ్యకి ఇస్తే అతను వలకి బరువు కోసం కట్టే గుళ్లు పోసుకున్నాడు. ఆ చలికాలమంతా మా ఇంటికి చేపలు ఊరికే వచ్చాయి. ఇందులో నా కోత ఒక్క ముక్క లేదు. మా నాన్న చెప్పిన మాట, అదీ నాన్నమ్మ పోయాక చెప్పిన మాట. ఆవిడ బతికున్నంతకాలం అవి సిపాయిలన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. గొల్లలే.

ఎర్ర కోట్లు కనపడకుండా నాన్న ఆస్పత్రి నుంచి తెచ్చిన పాత బ్యాండేజీ గుడ్డ ముక్కలు చుట్టేది. ఖాళీ అయిన చేతుల్లో చీపురు పుల్లలు లక్కతో అతికించేది, గొల్ల కర్రలన్నమాట. అగ్గిపుల్లల కాళ్లు గుచ్చిన దూది ఉండలు గొర్రెలు. పాక కప్పుకి ఎండుగడ్డి, నేలకి గోదావరి ఇసుక. డిసెంబరు వచ్చిందంటే గోడలకి సున్నం వాసన, పెరట్లో గులాబీ పువ్వులు వేగుతున్న నూనె వాసన, వరండాలో నక్షత్రం కోసం వెదురు బద్దల మీద రంగు కాయితం అతికిస్తున్న మైదా జిగురు వాసన, వీటన్నిటి మధ్య ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో నాన్నమ్మ గొల్లలకి బట్టలు మారుస్తూ కూర్చునేది. మా ఇంటి పాకలో గొల్లలందరూ ఎడమకాలు ముందుకేసి, రొమ్ము విరుచుకుని, ఒకటే వరసలో, ఒంటినిండా కట్లతో బాలయేసు దగ్గరికి కవాతు చేస్తూ వచ్చేవాళ్లు. ఒక ఏడు పాస్టరు గారు చాలాసేపు వంగి చూసి, "ఏమ్మా, గొల్లలు దారిలో ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టున్నారే" అన్నారు. నాన్నమ్మ తల ఎత్తకుండా, "చలి కదండీ, చెవులకి చుట్టుకున్నారు" అంది. మా వంశంలో ఈ విద్య ఆడవాళ్ల వైపు నుంచే వస్తోంది.

పండగ వెళ్లిపోయాక చీపురు పుల్లలు ఊడిపోయేవి, బ్యాండేజీలు ఉతుక్కి పోయేవి, డబ్బా మాకు దక్కేది. మాకు అంటే నాకూ మా తమ్ముడికీ. వాడి పేరు సంసోను, ఇక్కడివాళ్లకి శామ్. గాలి గట్టిగా వీస్తే స్తంభం పట్టుకునే పిల్లాడికి ఆ పేరు పెట్టింది కూడా నాన్నమ్మే. అమ్మ బడి నుంచి, నాన్న ఆస్పత్రి నుంచి వచ్చేదాకా మేమిద్దరం పట్టెమంచం కింద, చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని ఆ డబ్బా బోర్లించేవాళ్లం. ఇప్పుడు సీసపు బొమ్మ పిల్లల చేతికిచ్చారంటే ఇక్కడ డాక్టరు రక్తపరీక్ష రాస్తాడు. మేము వాటిని నోట్లో పెట్టుకుని చప్పరించాం. వాడు ఒక్కొక్కణ్ణీ తీసి, ఆ సిపాయి ఖాళీ చేతిని నా మొహం దగ్గర పెట్టేవాడు.

"అక్కా, వీడి చేతిలో ఏముండేది?"

నాన్నమ్మని అడిగితే, "పాపం ఉండేది, తీసేశాను" అనేది. పాపం ఎంత పొడుగుంటుందో, ఏ రంగులో ఉంటుందో చెప్పేది కాదు. అందుకని వాడు నన్ను అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. ఒకడి చేతిలో చెరకుగడ. రాజుగారి ఏనుగు అలిగినప్పుడల్లా వీడు ముందు నడిచి దానికి చెరకు చూపిస్తుండాలి. ఒకడి చేతిలో ఒంటెకి జ్వరం చూసే థర్మామీటరు, అది గడ్డపారంత ఉంటుంది కాబట్టి భుజం మీద మొయ్యాలి. ఇంకొకడిది గొడుగు. ఆ గొడుగు వేస్తే ఒక్క గురువారం వాన మాత్రమే ఆగుతుంది, అందుకని వాడికి వారంలో ఒక్కరోజే ఉద్యోగం. మా తమ్ముడు కళ్లు ఇంతింత చేసుకుని వినేవాడు, వాడికి గుర్తుండిపోయేవి. నేను మర్చిపోయి రెండోసారి మార్చి చెబితే పట్టుకునేవాడు.

ఒక్కడు మాత్రం వీళ్లలో కలిసేవాడు కాదు. వాడి రెండు చేతులూ రెండు పక్కలా కిందికి దిగి ఉంటాయి. పిడికిళ్లు బిగించి, పిడికిళ్ల మధ్య సన్నటి బెజ్జాలు. ఎక్కడా కత్తిరించిన గుర్తు లేదు. అడకత్తెర వాడి జోలికి వెళ్లలేదు. ఏం పెట్టాలో తెలియక నాన్నమ్మ వాడి చేతుల్లో పుల్ల కూడా పెట్టేది కాదు, పాక వెనకాల చీకట్లో నిలబెట్టేది.

"మరి వీడో?"

"వీడు కావిడి మోసేవాడు."

"కావిడి భుజం మీద కదా పెట్టుకుంటారు."

"భుజం నొప్పెట్టి దించాడు."

మర్నాడు మళ్లీ అడిగితే బండి లాగుతున్నాడని చెప్పాను. ఎడ్లకి పడిశం. ఆ మర్నాడు ఆకాశం ఊగే ఉయ్యాల తాళ్లు. తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి మంచం మీద పడుకున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, గంజి తాగనని మొండికేసి, ఆ పిడికిళ్లవాణ్ణి గుప్పిట్లో పెట్టుకుని, "నిజం చెప్పక్కా, వీడి చేతుల్లో ఏముండేది" అన్నాడు. పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి. నాకు ఆ పూట ఏనుగులు, ఒంటెలు ఏవీ రాలేదు. "పిల్లలురా. ఇటొకళ్లు, అటొకళ్లు. చేతులు పట్టుకుని నడిపిస్తున్నాడు" అన్నాను. "మరి కనపడరే?" అన్నాడు. "మనమే రా వాళ్లం. బయటికొచ్చి వాణ్ణి చూస్తున్నాం కదా, అక్కడెలా కనపడతాం?" వాడు కాసేపు ఆలోచించి, గంజి గ్లాసు ఇటివ్వమని చెయ్యి చాపాడు.

నాన్నమ్మ పోయాక నాన్న తుపాకుల సంగతి చెప్పిన రోజు, వాడు నాతో మాట్లాడటం మానేశాడు. నూనూగు మీసాలొచ్చిన హైస్కూలు పిల్లాడు, ఒంటె థర్మామీటరు పోయినందుకు ఏడుపు ఆపుకోవడం నేను చూశాను. ఆ తర్వాత అందరి పిల్లల్లాగే చదువులు, వీసాలు, ఉద్యోగాలు. నేను మిషిగన్‌లో కార్ల కంపెనీల చుట్టూ, వాడు టెక్సస్‌లో కంప్యూటర్ల చుట్టూ. బిస్కెట్ డబ్బా వాడి దగ్గరే ఉంది. ఒకరోజు డాలస్‌లో పాత సామాన్ల కొట్లోంచి ఫోన్ చేశాడు. "అక్కా, నీ చెరకుగడవాడు దొరికాడు. మొత్తం ఉన్నాడు. తుపాకీ." పళ్లు కనపడేలా నవ్వుతున్నాడని గొంతులోనే తెలిసింది. అప్పట్నుంచి అదే పనైంది వాడికి. ఏటా ఈ సంతలో మా డబ్బాలో ఉన్నవాళ్లకి తోబుట్టువులాంటివాణ్ణి, చేతిలోది తెగనివాణ్ణి ఒకణ్ణి వెతికి పట్టుకోవడం, ఆకుపచ్చ గుడ్డ మీద ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, నా వైపు తిరిగి, "మా అక్క లెక్క ప్రకారం ఇది గొడుగు. చూడండి" అనడం. ప్రతిసారీ తుపాకీయే. నా చిన్నప్పటి కథలన్నిటినీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టేశాడు, అందరూ నవ్వుతుండగా, నేనూ నవ్వుతుండగా.

లెన్ పళ్ల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. పన్నుకి తొడుగు పోసినట్టే విరిగిన బొమ్మలకి కొత్త చేతులు పోసి అతికిస్తాడు. మా సిపాయిలకి తుపాకులు పెడతానని ఏటా అడిగేవాడు. (లెన్ మాటలు నేను తెలుగులో రాస్తున్నాను. ఆయన తెలుగు ఆయన ఇంగ్లీషుకన్నా మర్యాదగా ఉంటుంది.) "ఊరికే చేస్తాను, శామ్. చూడలేకపోతున్నాను వీళ్లని" అనేవాడు. మా తమ్ముడు, "వద్దు లెన్, మా నాన్నమ్మ లేచి వస్తుంది" అనేవాడు. చివరికి తేలనివాడు ఒక్కడే మిగిలాడు. పిడికిళ్లవాడు. "వాడు దొరకట్లేదక్కా. వచ్చే ఏడు చూద్దాం" అనేవాడు. అలా చాలా వచ్చే ఏళ్లు గడిచాయి. ఏ ఏటికి ఆ ఏడు నేను వాడి పిడికిళ్లలో కొత్తది ఒకటి పెట్టేదాన్ని, బాగుందో లేదో అందరూ ఓటేసేవాళ్లు.

తమ్ముడు ఇంట్లోంచి పనిచేస్తూ, మీటింగులో ఉండగా పోయాడు. గుండె. వాడి వంతు వచ్చినప్పుడు అవతలివాళ్లు, శామ్, నువ్వు మ్యూట్‌లో ఉన్నావు, అన్నారట. కాసేపు ఆగి మళ్లీ అన్నారట. కింద వంటింట్లో ఉన్న మా మరదలు సునీతకి పైనుంచి ఆ మాట రెండు మూడుసార్లు వినపడింది. ఇంట్లో రోజూ వినపడే మాటే కదా అని ఊరుకుంది. ఆ పిల్ల ఇప్పటికీ ఎవరైనా ఆ మాటంటే లేచి వెళ్లిపోతుంది. సునీత హైదరాబాద్‌లో కాన్వెంటులో చదివింది, తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆకులు రాలడం మొదలయ్యేసరికి బిస్కెట్ డబ్బా నాకు పంపించి ఫోన్ చేసింది. "నాతోని అయితలేదు వదినా వాటిని చూసుడు. మీరే పెట్టుకోండి. గానీ ఆ పిడికిళ్లాయన సంగతి మాత్రం కనుక్కోండి. మీ తమ్మునికి అదొక్కటే మిగిలింది." కనుక్కుంటానని మాటిచ్చాను. పులిహోర కలిపాను, డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను, ట్రాయ్ వెళ్లాను. లెన్ మొహం చూశాను. కార్ పార్క్ చేస్తున్నాడని చెప్పాను.

ఒక కోత కోస్తే దానికి తిండి పెట్టి పెంచాలి. కాఫీ దగ్గర ఒకాయన అడిగితే లాట్ నిండిపోయి పక్క హోటల్‌కి వెళ్లాడన్నాను. ఇంకొకాయన అడిగితే, అక్కడ లాబీలో పాత కొలీగ్ దొరికి వదలట్లేదన్నాను. మూడో ఆయనకి ఆ కొలీగ్‌కి పెళ్లి సంబంధాలు చూస్తున్నారని కూడా చెప్పినట్టున్నాను. అందరూ నవ్వారు. నాకు సిగ్గుగా లేదు, నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఆ పూట ఆ హాల్లో ఇంతమంది వాడు ఏ నిమిషంలోనైనా వస్తాడనుకుంటున్నారు. ఇంతమంది అనుకుంటుంటే నేనూ కొంచెం అనుకోవచ్చు. వాడికి అలవాటైన కుర్చీ మీద నా కోటు పెట్టాను.

ఆకుపచ్చ గుడ్డ పరిచారు. నా వంతు వచ్చింది. పిడికిళ్లవాణ్ణి నిలబెట్టి, వీడు మా ఊళ్లో గోదావరిని రెండు చెవులూ పట్టుకుని సముద్రంలోకి దింపే ఉద్యోగం చేసేవాడని చెప్పాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు లెన్ లేచి, కోటు జేబులోంచి చిన్న అట్టపెట్టె తీసి, నా సిపాయి పక్కన పెట్టాడు. మూత మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"ఇది శామ్ కోసం. వాడు రానీ, తెరుస్తాను."

"తెరవండి లెన్, నేను చూసి చెబుతాను వాడికి."

"నువ్వా?" అన్నాడు. "నువ్వు చెబితే ఇందులో జిరాఫీ ఉందంటావు. వెళ్లి పిలుచుకు రా, నేను వాడి మొహం చూడాలి."

అందరూ నవ్వుతుంటే లేచి బయటికి వెళ్లాను. పిలుచుకు రమ్మన్నారు కదా. పార్కింగ్ లాట్‌లో నా కారు ఉంది. దాని చుట్టూ ఎర్రటి మేపుల్ ఆకులు. పక్కన చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో ఏం పెట్టాలో నాకు తోచలేదు. అంతవరకూ నా జీవితంలో అలా జరగలేదు. కాసేపు నిలబడి, చలేస్తుంటే లోపలికి వచ్చాను. మిగతావాళ్లు వాళ్ల బల్లల దగ్గరికి వెళ్లిపోయారు. లెన్ ఒక్కడే ఆ పెట్టె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"లెన్, కార్ నేనే పార్క్ చేశాను" అన్నాను.

ఆయన నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహంతో నన్నే చూశాడు. నా కథల్లో మలుపు ఇలాంటి చోటే వస్తుందని ఆయనకి అలవాటు. నేను వాడి కుర్చీ మీది కోటు తీసుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మలుపు రాలేదు. ఆయన మొహంలో నవ్వు ఎటు వెళ్లాలో తెలియక చాలాసేపు అక్కడే ఉండి, మెల్లగా దిగిపోయింది.

"ఎప్పుడు?" అన్నాడు. చెప్పాను. మ్యూట్ సంగతి చెప్పలేదు.

ఆయన పెట్టె మూత తీశాడు. లోపల ఇద్దరు మనుషులు, మధ్యలో రెండు సన్నటి కర్రలు, కర్రల మధ్య గోధుమరంగు గుడ్డ. స్ట్రెచరు. గుడ్డ మీద ఎవరూ లేరు. ముందువాడు, వెనకవాడు, ఇద్దరి పిడికిళ్ల బెజ్జాల్లోనూ కర్రల చివరలు. లెన్ మా వాణ్ణి తీసి పక్కన పెట్టాడు. "మీవాడు వెనక పట్టుకునేవాడు. చూడు, తల కొంచెం ఎత్తి ఉంది. ముందువాడు దారి చూస్తాడు, వీడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనపడదు."

మా ఆస్పత్రి వరండాలో రోజూ చూసిన వస్తువు. ఒక కొస మా నాన్న పట్టుకుని మోయగా, పక్కన మేము పరిగెత్తిన వస్తువు. కావిడి చెప్పాను, ఎడ్లబండి చెప్పాను, ఆకాశం ఉయ్యాల చెప్పాను, ఒంటెకి థర్మామీటరు పెట్టాను, ఎదురుగా ఉన్నది మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి నా నోటికి రాలేదు. ఒళ్లంతా కట్లు కట్టుకుని గొల్లలు కవాతు చేస్తుంటే, వాళ్లని మోయడానికి వచ్చినవాడు తోడు లేక పాక వెనక చీకట్లో నిలబడ్డాడు. నాన్నమ్మకి కూడా తట్టలేదు. అప్పట్లో మా ఇంట్లో ఇంతమంది ఉండేవాళ్లం, ఎవరికి ఏ చెయ్యి ఖాళీ అయినా ఇంకొకరు ఏదో ఒకటి తెచ్చి పెట్టేవాళ్లు, అది పుల్లయినా, కట్టయినా, కథయినా. ఇప్పుడు డబ్బా నా ఒళ్లో ఉంది, నా ఇంటికి నాలుగు పడకగదులున్నాయి, ఏముండేదని అడిగేవాడు లేడు. పెద్దదాన్ని నేను. ముందు నడవాల్సింది నేను.

"ఇంకో మాట" అన్నాడు లెన్, బొమ్మల్ని చూస్తూనే. "శామ్‌కి తెలుసు. కొన్నేళ్ల కింద నేనే ఫొటో చూపించాను. స్ట్రెచరని వాడికి తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు."

"ఎందుకు?"

"ఇది కూడా తేలిపోతే మా అక్క దగ్గర ఇంకేమీ మిగలదు, అన్నాడు. జత దొరికితే మాత్రం దాచిపెట్టమన్నాడు. ఎప్పటికో ఇద్దాంలే అన్నాడు."

నా ప్రతి కోతనీ పట్టుకున్నవాడు, నిజం తప్ప చెప్పడం రానివాడు, ఏటా నా ఎదురుగా నిలబడి, ఈసారీ దొరకలేదక్కా, అన్నాడు. రెప్ప కూడా కొట్టలేదు. నేను నమ్మాను. మా వంశంలో మగవాళ్లకి ఈ విద్య రాదని ఇన్నాళ్లూ అనుకున్నాను.

లెన్ పెట్టె నా వైపు జరిపాడు. నేను మా వెనకవాణ్ణి బిస్కెట్ డబ్బాలో వేసుకుని, పెట్టె ఆయన వైపే జరిపాను. "మీ దగ్గరే ఉంచండి లెన్. దొరికిందని ఎవరికీ చెప్పొద్దు."

"మళ్లీ నేను నోరు మూసుకోవాలా?"

"మీకు అలవాటే కదా" అన్నాను. ఆయన పులిహోర డబ్బా దగ్గరికి లాక్కుని, మూత తియ్యకుండా, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

కారెక్కి, హీటర్ వేసుకుని, సునీతకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఏం సంగతి వదినా, తెలిసిందా? ఏముండెనట వాని చేతుల?"

"లేదు సునీతా. లెన్‌కి కూడా తెలియదట. ఒహాయో నుంచి ఒక పెద్దాయన వస్తాడట వచ్చే ఏడు. ఆయనకి తెలిసే అవకాశం ఉందట."

(నిజం ఇక్కడ తెలుగులో రాశాను, ఆ పిల్ల చదవలేదు కదా.) అవతల చాలాసేపు మాట లేదు. మ్యూట్‌లో ఉన్నావా అని అడగబోయి నాలిక కరుచుకున్నాను. అద్దం మీద ఆకు ఒకటి పడి అలాగే అంటుకుంది.

"ఒక మాట అడగనా వదినా" అంది చివరికి. "వచ్చే ఏడు నేను గూడ వస్త. మీరొక్కరే ఏం పోతరు."

"రా" అన్నాను. "కార్ పార్క్ చెయ్యడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."